దారి చౌకే, తాళం మాత్రం పరాయి చేతిలో: సరిహద్దులు దాటే రసాయన సరుకుల లెక్క

2008 అక్టోబరులో లిథువేనియా ప్రభుత్వ రైల్వే సంస్థ తన దేశంలోనే 19 కిలోమీటర్ల పట్టాలు ఊడదీయించింది. యుద్ధం లేదు, వరద లేదు. మజెయ్‌కియై దగ్గరున్న చమురు శుద్ధి కర్మాగారం నుంచి లాట్వియా సరిహద్దులోని రెంగె వైపు వెళ్లే లైను అది. కర్మాగారం పోలెండుకు చెందిన ఓర్లెన్ సంస్థది. రవాణా ఛార్జీల విషయంలో రైల్వేతో తగవు వచ్చింది. సరుకును లాట్వియా రైల్వేకు అప్పగించి అక్కడి ఓడరేవుల నుంచి పంపుకోవాలని ఓర్లెన్ ఆలోచించింది. కొన్నాళ్లకే ఆ పట్టాలు లేకుండా పోయాయి. లైను పాడైందనీ, అందుకే తీశామనీ రైల్వే చెప్పుకుంది. ఐరోపా కమిషన్ ఆ వాదనను ఒప్పుకోలేదు. పోటీని అడ్డుకున్నందుకు 2017లో సుమారు 2.79 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2020లో కోర్టు జరిమానాను సుమారు 2 కోట్లకు తగ్గించినా నేరాన్ని మాత్రం కొట్టివేయలేదు. చివరికి లైను మళ్లీ వేయక తప్పలేదు.

ఆ లైను మీద ఆనాడు రోజుకు ఎన్ని బండ్లు నడిచేవన్నది ముఖ్యం కాదు. సరుకు యజమాని వేరే దారి పట్టగలడన్న అవకాశం ఒక్కటే రైల్వేను అంత పని చేయించింది. పొటాష్, అమ్మోనియా, మెథనాల్, యూరియా లాంటి సరుకులు లక్షల టన్నుల్లో ఒక దేశంలో పుట్టి, రెండో దేశం మీదుగా సాగి, మూడో దేశానికి ఓడెక్కుతాయి. ఆ రెండో దేశపు దారి ఎంత పోటీగలదో తేల్చడానికి నిపుణులు కిలోమీటర్లు, ఛార్జీలు, ఓడరేవు లోతులు లెక్కవేస్తారు. అవన్నీ అవసరమే. కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ దారి మూసుకుపోతే, లేదా ఖరీదైపోతే, సరుకు యజమాని ఎన్నాళ్లలో ఇంకో దారికి మళ్లగలడు? దానికి జవాబు దొరికితే మిగతా అంకెలకు అర్థం వస్తుంది.

ఎక్కడో బాల్టిక్ తీరపు గొడవ మనకెందుకని అనుకోవడానికి వీల్లేదు. భారతదేశం వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అంటే రైతులు పొటాష్ అని పిలిచే ఎరువు, దాదాపు మొత్తం దిగుమతే. విశాఖపట్నం, కాకినాడల్లోని కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారాలు ఓడల్లో వచ్చే అమ్మోనియా, పొటాష్ మీద నడుస్తాయి. మిరపకో అరటికో రైతు వేసే పొటాష్ బస్తా వెనుక కనీసం రెండు దేశాల రైల్వేలు, ఒక పరాయి ఓడరేవు ఉండి ఉండవచ్చు.

టన్ను విలువే మూలం

ఒక కంటైనరు నిండా మొబైల్ ఫోన్లు ఉంటే దాని విలువ కోట్లలో ఉంటుంది. రవాణాకు వెయ్యి డాలర్లు ఎక్కువైనా ఫోను ధరలో అది కనిపించదు. టన్ను పొటాష్ ధర మాత్రం మామూలు రోజుల్లో 300 డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. దారి మారి టన్నుకు 30 డాలర్లు అదనంగా పడితే ధరలో పదోవంతు పోయినట్టే. ఏటా కోటి టన్నులు అమ్మే సంస్థకు అది 30 కోట్ల డాలర్లు. అందుకే ఈ సరుకుల విషయంలో ఒక్కో డాలరు కోసం రైల్వే మంత్రుల స్థాయిలో బేరాలు జరుగుతాయి.

ఆ డాలర్లు ఎక్కడెక్కడ ఖర్చవుతాయో చూద్దాం. మొదటిది రైలు ఛార్జీ. దీనిలో పైకి కనిపించేది సరుకున్న బండి ఛార్జీ మాత్రమే. పొటాష్ మోసే వ్యాగను పైకప్పు ఉన్న, అడుగు నుంచి సరుకు జారవిడిచే ప్రత్యేకమైన వ్యాగను. మెథనాల్ ట్యాంకరులో ఇంకో ద్రవం పోయాలంటే ముందు లోపలంతా శుభ్రం చేయాలి. కాబట్టి ఈ వ్యాగన్లు దాదాపు ఎప్పుడూ తిరుగు ప్రయాణం ఖాళీగానే చేస్తాయి, దానికీ డబ్బు కట్టాల్సింది సరుకు యజమానే. బండి వెళ్లి రావడానికి పది రోజులు పట్టే దారి, ఇరవై రోజులు పట్టే దారి మధ్య తేడా ఛార్జీల పట్టికలో కనిపించదు. కానీ రెండో దారికి అదే సరుకు మోయడానికి రెండింతల వ్యాగన్లు కావాలి.

రెండోది ఓడ పరిమాణం. ఊహకు ఒక లెక్క వేద్దాం. 35,000 టన్నుల ఓడ అద్దె రోజుకు 12,000 డాలర్లు, 70,000 టన్నుల ఓడ అద్దె 15,000 డాలర్లు అనుకుందాం. నెల రోజుల ప్రయాణానికి చిన్న ఓడలో టన్నుకు సుమారు 10 డాలర్లు పడితే, పెద్ద ఓడలో ఆరున్నర కూడా దాటదు. ఇంధనం ఇంకా కలపలేదు. రేవు లోతు రెండు మీటర్లు తగ్గితే రైలులో మిగిలిన డబ్బు సముద్రంలో పోతుంది.

మూడోది కాలం. 300 డాలర్ల సరుకు దారిలో ఇంకో నెల ఆగితే, ఏడాదికి పది శాతం వడ్డీ చొప్పున టన్నుకు రెండున్నర డాలర్లు కరిగిపోతాయి. ఇది చిన్న మొత్తమే. అసలు దెబ్బ అనిశ్చితిది. రైళ్లు వేళకు రాకపోతే ఓడ రేవులో ఎదురుచూస్తుంది, ఆపి ఉంచినందుకు డెమరేజ్ అనే అదనపు రుసుము పడుతుంది. ఓడ రాకపోతే గోదాము నిండిపోతుంది, గని దగ్గర లోడింగ్ ఆగుతుంది. పొటాష్ గాలిలో తేమ పీల్చి గడ్డకడుతుంది కాబట్టి ఆరుబయట కుప్ప పోసి కాచుకునే వీలు కూడా లేదు. అమ్మోనియాకైతే అసలు ఓపికే ఉండదు: మైనస్ 33 డిగ్రీల చలిలోనో, ఒత్తిడిలోనో ఉంచితే తప్ప అది ద్రవంగా నిలవదు.

సరుకు స్వభావమే ఇక్కడ చిక్కు తెస్తుంది. చౌకగా పంపాలంటే ఆ సరుకు కోసమే కట్టిన టెర్మినల్, ఆ సరుకు కోసమే చేసిన వ్యాగన్లు, దీర్ఘకాలపు ఒప్పందం కావాలి. అవన్నీ సమకూరిన తర్వాత ఆ దారి నిజంగానే చౌక అవుతుంది. అదే క్షణం నుంచి దాన్ని వదిలి వెళ్లడం కష్టమవుతుంది. చౌకదనమూ బందీతనమూ ఒకే పెట్టుబడి నుంచి పుడుతున్నాయి. ఇది అందరికీ తెలిసిన పాఠమే అయినా, ఛార్జీల పట్టికలు పోల్చేటప్పుడు దాదాపు ప్రతి విశ్లేషణా దీన్ని పక్కన పెడుతుంది.

సొలిగోర్స్క్ నుంచి క్లైపెడాకు

దీనికి బెలారుస్ పొటాష్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. మిన్‌స్క్‌కు దక్షిణాన సొలిగోర్స్క్ గనుల్లో ప్రభుత్వ సంస్థ బెలారుస్‌కాలి పొటాష్ తవ్వుతుంది. ప్రపంచ ఎగుమతుల్లో దాదాపు ఐదోవంతు ఒకప్పుడు ఆ ఒక్క దేశానిదే. బెలారుస్‌కు సముద్రం లేదు. లిథువేనియాలోని క్లైపెడా రేవు దగ్గరిది, లోతైనది, శీతకాలంలో గడ్డకట్టనిది. రెండు దేశాల రైలు పట్టాలూ సోవియట్ కాలపు 1,520 మిల్లీమీటర్ల వెడల్పువే కాబట్టి సరిహద్దులో బండి మార్చే పని లేదు. క్లైపెడాలో పొడి సరుకుల టెర్మినల్‌లో బెలారుస్‌కాలి 2013లో 30 శాతం వాటా కొనుక్కుంది. ఏటా కోటి టన్నులకు పైగా పొటాష్ అక్కడి నుంచి ఓడెక్కేది.

రష్యా ఊరకే చూస్తూ కూర్చోలేదు. తన ఎగుమతులూ మిత్రదేశాల ఎగుమతులూ బాల్టిక్ దేశాల రేవుల నుంచి కాక తన రేవుల నుంచే వెళ్లాలని మాస్కో రెండు దశాబ్దాలుగా పట్టుబట్టి పనిచేసింది. 2001 చివర్లో ప్రిమోర్స్క్ చమురు రేవు మొదలైంది, 2003లో లాట్వియాలోని వెంట్స్‌పిల్స్‌కు గొట్టంలో చమురు రావడం ఆగింది. ఉస్త్-లుగా రేవును కొత్తగా కట్టింది. బెలారుస్ చమురు ఉత్పత్తులను తనవైపు తిప్పుకోవడానికి రష్యా రైల్వే 2017లో 50 శాతం రాయితీ కూడా ఇవ్వజూపింది. అయినా బెలారుస్ క్లైపెడానే అంటిపెట్టుకుంది. సగం ధరకు పిలిచినా సరుకు కదలలేదంటే క్లైపెడా ఎంత పోటీగలదో వేరే చెప్పాలా?

పొటాష్‌కు ఇంకో అడ్డంకి ఉంది. రష్యా బాల్టిక్ తీరంలో పొటాష్ కోసం ప్రత్యేకంగా ఉన్న ముఖ్యమైన టెర్మినల్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అది రష్యా పొటాష్ సంస్థ ఉరల్‌కాలిది. బెలారుస్, ఉరల్‌కాలి ఒకప్పుడు కలిసి ఒకే సంస్థ ద్వారా అమ్మేవి. 2013 జులైలో ఉరల్‌కాలి ఆ జోడీని తెంచుకుంది. పొటాష్ ధర కుప్పకూలింది. ఆగస్టులో బెలారుస్ ప్రధానమంత్రి పిలుపు మీద మిన్‌స్క్ వెళ్లిన ఉరల్‌కాలి ప్రధాన అధికారిని అక్కడే అరెస్టు చేశారు. ఇంత జరిగాక ప్రత్యర్థి టెర్మినల్‌లో సరుకు పోయించుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

క్లైపెడా ఏర్పాటు 2021లో బీటలు వారింది. మే 23న ఏథెన్స్ నుంచి విల్నియస్ వెళ్తున్న రయన్‌ఎయిర్ విమానాన్ని బెలారుస్ అధికారులు మిన్‌స్క్‌లో దింపించి, అందులో ఉన్న ప్రతిపక్ష పాత్రికేయుడిని అదుపులోకి తీసుకున్నారు. జూన్‌లో ఐరోపా యూనియన్ పొటాష్ మీద ఆంక్షలు ప్రకటించింది. అయితే ఆ ఆంక్షల చిన్న అక్షరాలు చదవాలి: పొటాషియం ఆక్సైడు లెక్కలో 40 శాతం లోపు, 62 శాతం పైన ఉన్న రకాలకే నిషేధం. పొలాల్లో విరివిగా వాడే రకం 60 శాతంది, అంటే ప్రధాన సరుకు జోలికే పోలేదు. అసలు దెబ్బ అమెరికా నుంచి వచ్చింది. ఆగస్టు 9న బెలారుస్‌కాలినే నిషేధ జాబితాలో చేర్చి, వ్యవహారాలు ముగించుకోవడానికి డిసెంబరు 8 దాకా గడువిచ్చింది.

గడువు దాటింది. క్లైపెడాకు రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. బెలారుస్‌కాలి ఛార్జీలు ముందుగానే కట్టేసిందని తేలింది. లిథువేనియాలో రాజకీయ దుమారం లేచింది. విదేశాంగ మంత్రి, రవాణా మంత్రి రాజీనామాకు సిద్ధపడ్డారు, రైల్వే అధిపతి పదవి పోయింది. చివరికి ప్రభుత్వం ఆ ఒప్పందం దేశ భద్రతకు భంగకరమని నిర్ణయించి 2022 ఫిబ్రవరి 1 నుంచి రద్దు చేసింది. రాతపూర్వకంగా అది 2023 చివరి దాకా ఉండాల్సిన ఒప్పందం. మార్చిలో, ఉక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక, ఐరోపా యూనియన్ అన్ని రకాల బెలారుస్ పొటాష్‌నూ నిషేధించింది.

ఆ తర్వాత జరిగింది రెండు వైపుల నుంచీ చూడాలి. క్లైపెడా రేవులో 2021లో సుమారు 4.5 కోట్ల టన్నుల సరుకు కదిలింది, 2022లో అది 3.6 కోట్లకు పడింది. రైల్వేకు దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగే, ఏడాది పొడవునా ఆగని సరుకు ఒక్కసారిగా పోయింది. పట్టాల నిర్వహణ ఖర్చు మాత్రం సరుకుతో పాటు తగ్గదు, మిగిలిన కొద్ది సరుకు మీదకే అదంతా వచ్చి పడుతుంది. అప్పుడు ఆ దారి మిగతావారికీ ఖరీదవుతుంది. మధ్యలోని దేశాలు తాము తాళం చేతిలో ఉన్నవారమని అనుకుంటాయి. ఒక్క ఖాతాదారు మీద ఆధారపడితే వాళ్లూ బందీలే.

బెలారుస్ వైపు తొలి ఏడాది చీకటే. ఎగుమతులు ఘోరంగా పడిపోయాయి. తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి బ్రోంకా లాంటి రేవులు, కంటైనర్లలో నింపి పంపడం, చైనాకు నేరుగా రైలు, ఇలా దొరికిన ప్రతి సందునూ వాడుకుంది. దూరం పెరిగింది, శీతకాలంలో ఫిన్లాండ్ సింధుశాఖ గడ్డకట్టే బాధ వచ్చింది, విడి సరుకును సంచుల్లో, కంటైనర్లలో నింపే ఖర్చు కలిసింది. అయినా కొద్ది సంవత్సరాల్లోనే పరిమాణం పాత స్థాయికి చేరువైంది. 50 శాతం రాయితీ చేయలేని పనిని నిషేధం చేసింది. ఇంతకంటే మెరుగైన దారి ఉన్నంతకాలం రష్యా దారి ఖరీదైనదిగా కనిపించింది. వేరే గతి లేనప్పుడు అదే దారి మీద టెర్మినళ్లు, గోదాములు, వ్యాగన్లు సమకూరాయి, ఖర్చు మెల్లగా దిగింది.

2025 డిసెంబరులో రాజకీయ ఖైదీల విడుదలకు బదులుగా బెలారుస్ పొటాష్ మీద ఆంక్షలు ఎత్తివేస్తున్నట్టు అమెరికా ప్రకటించింది. ఐరోపా నిషేధం మాత్రం ఉంది కాబట్టి క్లైపెడా గేటు తెరుచుకోలేదు. రేపు తెరుచుకున్నా పాత రోజులు పూర్తిగా తిరిగి వస్తాయని నేను అనుకోను. ఒక రాత్రిలో మూతపడిన దారికి మొత్తం కోటి టన్నులనూ మళ్లీ అప్పగించే ఎగుమతిదారు ఉండడు. కొంత సరుకు పంపుతాడు, దాన్ని చూపించి రష్యా రైల్వేతో బేరమాడతాడు.

గొట్టానికి మలుపులు ఉండవు

రైలు బండిని కష్టపడైనా ఇంకో దారికి తిప్పవచ్చు. గొట్టాన్ని తిప్పలేం. రష్యాలో వోల్గా తీరంలోని తొల్యాత్తి నుంచి ఉక్రెయిన్‌లో ఒదెసా పక్కనున్న రేవు దాకా 2,400 కిలోమీటర్లకు మించిన అమ్మోనియా గొట్టం ఉంది. 1970లలో అమెరికా వ్యాపారి ఆర్మండ్ హామర్ తన ఆక్సిడెంటల్ పెట్రోలియం సంస్థ తరఫున సోవియట్ యూనియన్‌తో కుదుర్చుకున్న పెద్ద ఎరువుల మారకపు ఒప్పందంలోంచి పుట్టింది: అటు నుంచి అమ్మోనియా, యూరియా, పొటాష్; ఇటు నుంచి ఫ్లోరిడా ఫాస్ఫారిక్ ఆమ్లం. ఆ ఒప్పందం కూడా తొలినాళ్లలోనే రాజకీయాలకు చిక్కింది. అఫ్ఘానిస్తాన్ మీద దాడికి జవాబుగా 1980లో అధ్యక్షుడు కార్టర్ ఫాస్ఫేట్ ఎగుమతులు ఆపించారు.

గొట్టం కట్టినప్పుడు అంతా ఒకే దేశం. 1991లో మధ్యలో సరిహద్దు పుట్టింది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు గొట్టం ఉక్రెయిన్ సొత్తయింది. ఏటా 25 లక్షల టన్నులు పంపగల ఆ గొట్టంతో పోటీపడే రైలు దారి లేదు. అమ్మోనియాను ఒత్తిడి ట్యాంకర్లలో నింపి వేల కిలోమీటర్లు లాగడం ఖర్చుతోనూ ప్రమాదంతోనూ కూడిన పని. అందువల్ల మూడు దశాబ్దాలు రుసుము గురించి రెండు దేశాలూ పోట్లాడుకున్నా అమ్మోనియా పారుతూనే వచ్చింది. ఇద్దరికీ వేరే దారి లేకపోవడమే ఆ దారిని నిలబెట్టింది.

2022 ఫిబ్రవరి 24న అది ఆగింది. అప్పట్లో ప్రపంచ అమ్మోనియా వాణిజ్యంలో సుమారు ఐదోవంతు రష్యాది. అప్పటికే సహజవాయువు ధరలతో మండుతున్న మార్కెట్‌లో, ఏప్రిల్‌లో అమెరికాలోని టాంపా రేవులో అమ్మోనియా ధర టన్నుకు 1,625 డాలర్లకు చేరింది. యుద్ధంలోనూ ఉక్రెయిన్ ధాన్యం ఓడలు కదలడానికి కుదిరిన నల్లసముద్రపు ధాన్యం ఒప్పందంలో ఈ గొట్టాన్ని తిరిగి తెరిపించాలని రష్యా పదేపదే అడిగింది, ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వం చేసింది. ధాన్యం ఓడలు కదిలాయి గానీ అమ్మోనియా చుక్క కదల్లేదు. 2023 జూన్‌లో ఖార్కివ్ ప్రాంతంలో గొట్టం దెబ్బతింది. తొల్యాత్తి కర్మాగారం నల్లసముద్ర తీరాన రష్యా భూభాగంలోనే, తమన్ దగ్గర, సొంత టెర్మినల్ కట్టుకుంది. అక్కడికి సరుకు గొట్టంలో కాక రైలు ట్యాంకర్లలో చేరాలి. టన్ను టన్నుకూ ఖర్చు ఎక్కువ, అయినా మధ్యలో ఇంకో ప్రభుత్వం ఉండదు.

బిల్లు ఎవరికి?

దారి ఖర్చు పెరిగితే చివరికి కొనేవాడే కడతాడని మనం తేలిగ్గా అనేస్తాం. అది సగమే నిజం. భారత్‌కు పొటాష్ ఒప్పందాలు మన రేవుకు చేర్చిన ధర మీద కుదురుతాయి. కెనడా, ఇజ్రాయెల్, జోర్డాన్, రష్యా, బెలారుస్ ఒకే మార్కెట్‌లో ఉన్నాయి. బెలారుస్‌కు దారి ఖర్చు 30 డాలర్లు పెరిగిందని మనం 30 డాలర్లు ఎక్కువ ఇవ్వం, పక్కవాడి దగ్గర కొంటాం. కాబట్టి సరుకు మార్కెట్‌కు చేరుతున్నంతకాలం దారి భారం గని దగ్గరే దిగుతుంది: గని ఆదాయం, కార్మికుల జీతం, ఆ ప్రభుత్వ ఖజానా.

సరుకు అసలు చేరనప్పుడే కథ మారుతుంది. ఐదోవంతు సరఫరా ఎప్పుడొస్తుందో తెలియకపోతే మిగతా నాలుగు వంతులు అమ్మేవారందరూ ధర పెంచగలరు. వారి దారులకు ఏ ఖర్చూ పెరగలేదు, లాభం మాత్రం పెరిగింది. 2021 జనవరిలో బెలారుస్‌తో మన ఒప్పందం ధర టన్నుకు 247 డాలర్లు. 2022లో మన దిగుమతి ఒప్పందాలు 590 డాలర్ల దగ్గర కుదిరాయి. ఈ పెరుగుదల అంతా క్లైపెడా మూత వల్లే అనడం అన్యాయం; ధాన్యం ధరలు, సహజవాయువు, కోవిడ్ తర్వాతి ఓడ కిరాయిలు అన్నీ అప్పటికే ఎగబాకుతున్నాయి. మంటలో నెయ్యి పోసింది మాత్రం ఆ మూతే. 2023లో 422కి దిగింది, సరుకు కొత్త దారులు వెతుక్కున్నాక ఇంకా దిగింది, 2025లో మళ్లీ 349కి పెరిగింది.

మన పల్లెల్లో దాని ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. 2022లో 50 కిలోల పొటాష్ బస్తా 1,700 రూపాయలకు చేరింది. యూరియా ధరను ప్రభుత్వం కట్టడి చేస్తుంది, పొటాష్‌కు ఆ రక్షణ లేదు. 2020-21లో దేశంలో సుమారు 34 లక్షల టన్నులు అమ్ముడైన పొటాష్ 2022-23 నాటికి దాదాపు 16 లక్షలకు పడిపోయింది. రైతు పొటాష్ మానేసి చౌకగా దొరికే యూరియా మరికాస్త వేశాడు. నేలలో పోషకాల సమతూకం ఎలా చెడిందో వ్యవసాయ అధికారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. సొలిగోర్స్క్ గని కార్మికుడూ గుంటూరు మిరప రైతూ ఒకరికొకరు తెలియకుండానే ఒకే మూతపడ్డ గేటుకు రెండు వైపులా నష్టపోయారు. ఈ లెక్కలన్నిటిలో నన్ను కలచివేసేది ఇదే.

విశాఖ, కోల్‌కతా, నేపాల్

మధ్యలోని దేశం పాత్రలో మనమూ ఉన్నాం. నేపాల్‌లో రసాయన ఎరువుల కర్మాగారం లేదు. యూరియా, డీఏపీ అన్నీ బయటి నుంచే, ఎక్కువగా కోల్‌కతా, హల్దియా రేవుల మీదుగానే వెళ్లేవి. కోల్‌కతా నుంచి సరిహద్దులోని బీర్‌గంజ్‌కు సుమారు 700 కిలోమీటర్లు, విశాఖ నుంచి దాదాపు 1,400. మ్యాపు చూస్తే విశాఖకు చోటే లేదు. కానీ కోల్‌కతా రేవు సముద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా హుగ్లీ నది లోపల ఉంది. పూడిక, తక్కువ లోతు, పోటుపాట్ల కోసం ఎదురుచూపు. పెద్ద ఓడలు నిండు బరువుతో హల్దియాకు కూడా వెళ్లలేవు, వేరే రేవులో కొంత దించి తేలికపడి వెళ్లడం మామూలే. విశాఖది లోతైన రేవు. రైలులో రెట్టింపు దూరం పోయినా ఓడ దగ్గర మిగిలే డబ్బు, రోజులు కలిపితే కొన్ని సరుకులకు విశాఖే మేలవుతుంది. కంటైనర్ల విషయంలో ఇది ఇప్పటికే రుజువైంది: 2017 నుంచి విశాఖ–బీర్‌గంజ్ రైళ్లు నడుస్తున్నాయి.

ఈ దారి పుట్టిన సమయం గమనించదగినది. 2015 సెప్టెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా సరిహద్దులో సరుకు నిలిచిపోయి నేపాల్ అల్లాడింది. అది నిరసనకారుల పని అని భారత్, అప్రకటిత దిగ్బంధం అని నేపాల్ వాదించుకున్నాయి. 2016 ఫిబ్రవరిలోనే విశాఖ రేవు వాడుకునే లేఖలు మార్చుకున్నారు. మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. తియాన్‌జిన్ లాంటి చైనా రేవులు హిమాలయాల అవతల మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. యూరియా బస్తా ఆ దారిన వస్తే ధర ఎక్కడికి పోతుందో ఊహించవచ్చు. అయినా ఆ కాగితం ఉత్తది కాదు. తర్వాతి సంవత్సరాల్లో భారత్ సరుకు రైళ్ల నిర్వహణను ఒకే సంస్థకు పరిమితం చేయకుండా 2021లో ఇతర అనుమతి పొందిన సంస్థలకూ తెరిచింది. కంటైనర్లకు ఎలక్ట్రానిక్ సీళ్లు వేసి కస్టమ్స్ తనిఖీల భారం తగ్గించింది. వాడని దారి కూడా వాడే దారి ధరను దించుతుందనడానికి ఇంత దగ్గరి సాక్ష్యం ఉన్నప్పుడు బాల్టిక్ దాకా వెళ్లనక్కర్లేదేమో కూడా.

2025 నవంబరులో రవాణా ఒప్పందాన్ని మళ్లీ సవరించారు. జోగ్‌బని–విరాట్‌నగర్ రైలు మార్గంలో కంటైనర్లతో పాటు విడి సరుకు కూడా నేరుగా వెళ్లవచ్చు. విశాఖ నుంచి నౌతన్‌వా వైపు దారికీ ఆ సౌకర్యం వర్తిస్తుంది. అంటే యూరియా, డీఏపీ లాంటి విడి సరుకుకు విశాఖ తలుపు ఇప్పుడు నిజంగా తెరుచుకుంది.

ఇక మిగిలిన అడ్డంకి దూరమూ కాదు, లోతూ కాదు. నేపాల్‌కు యూరియా అత్యవసరమయ్యేది వరినాట్ల ముందు, జూన్, జులై నెలల్లో. అదే నెలల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లకూ ఎరువుల రేకులు, అంటే ఒక్కో సరుకు రైలుకు సరిపడే వ్యాగన్ల వరుసలు, కావాలి. విశాఖ రేవు నుంచి బయలుదేరే రేకులు పరిమితం, బొగ్గు కూడా వాటి కోసమే వరుసలో నిలబడుతుంది. ఖాళీ బండి ఉత్తరం నుంచి తిరిగి రావడానికి పట్టే రోజులు కోల్‌కతా దారి కంటే ఎక్కువ. కాబట్టి నేపాల్ ఎరువుల సంస్థ తన ఓడను విశాఖకు మళ్లించాలంటే ఛార్జీలో రాయితీ చాలదు, ఖరీఫ్ ముందు నెలల్లో ఇన్ని రేకులు తప్పకుండా ఇస్తామని రైల్వే రాసివ్వాలి, ఇవ్వలేని రోజున డెమరేజ్ ఎవరు కట్టాలో కూడా అందులోనే ఉండాలి.